ఝర్నా కాగితాలు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మన తార్నాక అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ఎవరి నోట విన్నా దేశంలోకి దొంగతనంగా వచ్చినవాళ్ల గొడవే. బెంగాలీ మాట్లాడే పనివాళ్లందరి కాగితాలూ చూడాలని అసోసియేషన్ వాళ్లు తేల్చేశారు.

చివరి నెలంతా నీకు జావ తాగించిన ఝర్నా ఇప్పుడు మా ఇంట్లో వంట చేస్తోంది. తనది సరిహద్దుకి ఇవతల, మన బెంగాల్లోని మాల్దా అంటుంది. ఎవరు చూడొచ్చారు? ఆధార్, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్, అన్నీ అడక్కముందే ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది. అన్నీ ఉండటమే నాకు అనుమానం. కిటికీ వెలుగులో పెట్టి మరీ చూశాను.

"అమ్మా, మీది ఏ ఊరు?" అంది, పప్పు కడుగుతూ.

"తార్నాకే."

"అంతకుముందు?"

కాగితాలు మళ్లీ కవర్లో సర్దాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో క్యాంపస్ గేటు దగ్గర పిల్లలు నా కోస్తా యాస విని ఆపారు. "గీమె మా చెల్లె. ఏంది?" అని నువ్వు నా చెయ్యి పట్టుకుని నడిచావు. మనం పనిచేసే లైబ్రరీ దాకా వదల్లేదు.

సాయంత్రం మీటింగులో సెక్రటరీ ఝర్నా సంగతి అడిగాడు. "కాగితాలైతే ఉన్నాయండీ" అన్నాను.

అంతవరకే అన్నాను, అక్కా.