ఏడు మీద అడ్డగీత

జూలై 9, బుధవారం

మాబు కడప యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. నాకు చెప్పలేదు. వాళ్ళ నాయన, పరుపులు కుట్టే కాశీమప్ప చెప్పాడు, బడి గేటు దగ్గర సైకిలు దిగి, వెనక కట్టిన పరుపు జారకుండా ఒక చేత్తో పట్టుకొని.

"కడప కోచ్ మేడం ఇంటికొచ్చినాది సార్. పత్తి మధ్యలోనే చాపేస్కోని కూచున్నాది. హాస్టలు, బువ్వ, సీటు... అంతా వాళ్లే చూస్కుంటారంట. మీ కర్నూలోళ్లు చూద్దాం చూద్దాం అనబడ్తిరి."

మీ కర్నూలోళ్లు అట! తానేదో వేరే దేశం నుంచి వచ్చినట్టు.

ఆరో తరగతిలో ఆ పిల్ల చేతికి బంతి ఇచ్చింది నేను. ఏడేళ్ళు పొద్దున్నే గ్రౌండు తాళం తీసింది నేను. మన కర్నూలు యూనివర్సిటీ కోచ్‌కు "పిల్ల మనదే, ఎక్కడికీ పోదు" అని మాటిచ్చిందీ నేనే. ఇప్పుడు ఆయనకు ఏ ముఖం పెట్టుకొని ఎదురుపడాలి... డ్రిల్లు మాస్టరు మాటకు విలువ ఇంతే అనుకుంటాడు.

జూలై 10

ఫోనులో మాబు నంబరు తీసేశాను. కంఠతా వచ్చిన నంబరు. తీస్తే ఏం, తీయకపోతే ఏం.

జూలై 13, ఆదివారం

స్టేడియం బయట టీ అంగడి. బురుజు బ్యాచ్ అంతా అక్కడే — కర్నూలు జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి డప్పు వేసుకొని పోయేవాళ్ళు. శేఖర్ వాళ్ళకు పెద్ద. ఒకప్పుడు నా దగ్గర ఆడినవాడే, ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి నడుపుతున్నాడు.

"ఏం సార్, మీ మాబు కడప కారం దోసెకు అమ్ముడుపోయినాదంటనే?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అనేశాను — "పోనీలేప్పా. అండర్ ఫోర్టీన్ ఆడేనాటికే దానికి పదిహేను."

ఇంకా గట్టిగా నవ్వారు. శేఖర్ ఒక్కడే నవ్వలేదు.

"నిజమా సార్?"

"గమ్మున టీ తాగు" అన్నాను.

జూలై 14

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆగస్టు 2, శనివారం

కడప జట్టు వచ్చింది. స్నేహపూర్వక పోటీ అని బ్యానరు. బ్యానరు మీద తప్ప స్నేహం ఎక్కడా లేదు. వాళ్ళ వెంట రెండు వ్యాన్ల జనం.

"రాజధానే నిలుపుకోల్యాకపోతిరి, కప్పేం నిలుపుకుంటారప్పా!"

"దోసెలు తెచ్చుకున్నారా? ఓడిపోయినాంక ఆకలైతాది!" బురుజు బ్యాచ్ జవాబు.

మామూలుగా అయితే నేనూ గొంతు కలిపేవాణ్ణి. ఈసారి స్కోరు పుస్తకం తెరిచాను. మాబు వాళ్ళ రంగు బనియనులో, నా దగ్గర వేసుకున్న అదే ఏడో నంబరుతో. రింగు కిందికి దూసుకెళ్ళి ఎడమచేత్తో లేఅప్ వేసింది. ఆ ఎడమచెయ్యి దారికి రావడానికి కుడిచేతిని చున్నీతో నడుముకు కట్టి ఆడించాను, నెలల తరబడి. ఏడ్చేది. కట్టు విప్పమని మాత్రం అడిగేది కాదు. ఇప్పుడు ఆ చెయ్యి మన మీదే లేచింది... బంతి రింగులో పడినప్పుడు నా అరచేతులు చప్పట్లకు లేచాయి. దించుకున్నాను.

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

అయిపోయాక వచ్చింది. "సార్, బాగుండారా?"

నేను స్కోరు పుస్తకంలో తల పెట్టాను. కాసేపు నిలబడింది. నాకు బూట్లు మాత్రమే కనబడ్డాయి. కొత్తవి. తరువాత అవీ లేవు.

ఆగస్టు 3

తల ఎత్తి ఉంటే ఏం పోయేది నాకు.

ఆగస్టు 11, సోమవారం

శేఖర్ బడికే వచ్చాడు, చేతిలో పాలకోవా.

"మున్సిపాలిటీలో మాబు పుట్టిన సర్టిఫికెట్టు తీసినాం సార్. దాంట్లో ఒక తేదీ, బడి సర్టిఫికెట్టులో ఒక తేదీ. రెండూ కలిపి కడపకు పంపిచ్చినాం. వయసు తగ్గిచ్చి ఆడిన మెడళ్లు చెల్లవు కదా, ఆ మెడళ్లతో వచ్చిన సీటూ ఊడుతాది. అంతా మీ మాట పట్టుకోనే సార్!"

నోట్లో పెట్టాడు. మింగాను.

ఆగస్టు 12

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

ఆ తేదీ దిద్దింది నేను. అప్పటి హెడ్మాస్టరు అడ్మిషన్ రిజిస్టరు నా చేతే రాయించేవాడు, నా దస్తూరి బాగుంటుందని. జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. పిల్లకు వయసు దాటిపోయింది. పేజీ తీసి, పుట్టిన సంవత్సరం చివరి అయిదును ఏడు చేశాను. రెండేళ్ళు తగ్గాయి. టీ చల్లారేలోపు అయిపోయిన పని. డ్రిల్లు మాస్టర్లు చేసేదే కదా, ప్రతి జట్టులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా అనుకున్నాను. కాశీమప్పకు చదువు రాదు. పుట్టినరోజులు చేసే ఇల్లు కాదు వాళ్ళది. పిల్లకు నేను చెప్పలేదు.

ఆ తేదీతోనే పదో తరగతి. ఆ తేదీతోనే మెడళ్ళు. ఆ మెడళ్ళతోనే కడప సీటు.

చేసిందీ నేనే, బయట పెట్టిందీ నేనే. మధ్యలో ఆ పిల్ల చేసిందేమిటి? ఆడింది. అంతే.

ఆగస్టు 20, బుధవారం

కడప నుంచి ఉత్తరం — రిజిస్టరు పేజీ జిరాక్సు కావాలట. ఇప్పటి హెడ్మాస్టరు ఆ పని నాకే చెప్పాడు. మిషనులోంచి కాగితం బయటికొస్తే దాని మీద నా ఏడు. నడుముకు అడ్డగీతతో. నేనెప్పుడూ అలాగే రాస్తాను, స్కోరు షీట్లలో ఒకటితో కలవకుండా. హెడ్మాస్టరు చూడకుండానే ముద్ర వేశాడు.

ఆగస్టు 29, శుక్రవారం

కాశీమప్ప వచ్చాడు. కడప వెళ్ళి వచ్చాడట.

"పాపను ఆటలోంచి నిలబెట్టినారు సార్. తేదీ ఎవరు మార్చిరని నన్నడిగిరి. నేనే తప్పు చెప్పినా, చదువు రానోణ్ణి అంటి."

"ఎందుకట్ల అన్నావు?"

"మీ పేరెందుకు తీయాల సార్. పాపకు బంతిచ్చినోళ్లు."

"నీకు... తెలుసా?"

"నాకేం తెల్సు సార్. ఆ పొద్దు రిజిస్టరు రాసేది మీరని తెల్సు, అంతే."

కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. రింగు వైపు చూశాడు. ఆ నెట్టు ఆయన అల్లిందే, పరుపులు కుట్టే నూలుతో, మాబు ఎనిమిదిలో ఉన్నప్పుడు. సగం తెగి వేలాడుతోంది.

"నెట్టు తెగిపాయనే సార్. నూలు తెస్తా."

ఆగస్టు 30

తెచ్చాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం

కడప మేడం ఫోను. నేను ఏడేళ్ళు ఆడించిన పిల్ల గురించి నాకు చెబుతోంది, మెల్లగా, ఆస్పత్రిలో చెప్పినట్టు.

"కమిటీ వాళ్లు జిరాక్సు చూపిచ్చి ఇది ఎవరి దస్తూరి అని అడిగినారు సార్. శానాసేపు చూసింది పాప. తెలీదు అనింది."

తెలీదు అందట.

"రాసినోళ్లే ఒక కాగితం ఇయ్యాల సార్ — పిల్లకు, తండ్రికి సంబంధం ల్యాదని. అట్లయితే ఒక ఏడాది ఆట పోతాది గానీ సీటు నిలబడతాది. సోమవారం సాయంత్రం లోపల. ల్యాకుంటే హాస్టలు ఖాళీ చేసి ఇంటికే. మీకేమన్నా తెల్సా సార్, ఎవరు రాసినారో?"

"కనుక్కుంటా మేడం" అన్నాను.

నా స్కోరు షీట్లు చదువుతూ పెరిగిన పిల్ల. తప్పు లెక్క ఉంటే వేలు పెట్టి చూపించేది. నా ఏడు గుర్తుపట్టకుండా ఉంటుందా!

సెప్టెంబర్ 5, శుక్రవారం

గురుపూజోత్సవం. శాలువా కప్పారు. ఇంటికి రాగానే బీరువా అడుగున తోశాను.

సెప్టెంబర్ 6, శనివారం

ఇంట్లో సుజాతకు అంతా చెప్పాను. బియ్యం ఏరుతూ వింది. చేట పక్కన పెట్టలేదు.

"రిటైర్‌మెంటుకు ఇంకా ఎన్ని నెల్లు?"

"పదహారు."

"పింఛను పోతే ఏం తింటామని నేనడగను" అంది. అడగను అంటూనే అడిగింది పాపం. ఒక రాయి ఏరి పారేసి — "ఆ పిల్ల మనింట్లో ఎన్నితూర్లు బువ్వ తినిందో తెల్సునా మీకు? మ్యాచులు గెలిచినాంక నా కాళ్లకు మొక్కేది, మీకంటే ముందు."

లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. ఇద్దరం ఏడ్చాం, వేరే వేరే గదుల్లో.

సెప్టెంబర్ 7, ఆదివారం

కాగితం రాయడానికి కూర్చున్నాను. ముందు వేరే కాగితం మీద ఏళ్ళుగా లేని పని — అడ్డగీత లేకుండా ఏడు రాయడం. పది రాశాను. పదీ వేరెవరో రాసినట్టున్నాయి. టైపు చేయించి, పేరు లేకుండా పోస్టులో వేస్తే? అదీ అనుకున్నాను. ఈ వయసులో ఇంత పిరికితనం నాలో ఉందని తెలియదు. సిగ్గుగా ఉంది.

చివరికి చేత్తోనే రాశాను. నాలుగు వాక్యాలు. పైన తేదీ దగ్గర పెన్ను దానంతట అదే గీత అడ్డంగా లాగింది. ఇక ఆ కాగితం ఎవరిదో ఎవరూ అడగక్కర్లేదు.

మధ్యాహ్నం శేఖర్ ఫోను. రేపు కడపలో మ్యాచ్. "ముందు సీటు మీకే పెట్టినాం సార్. మాబు ల్యాదు, ఈతూరి మనదే!" వస్తానన్నాను. కాగితం ఇవ్వడానికి ఎలాగూ కడప పోవాలి కదా, బస్సు కంటే వ్యాను నయం అనుకున్నానా, వాళ్ళ మధ్య కూర్చుంటే కాగితం ఇవ్వకుండా తిరిగి రావడానికి వంక దొరుకుతుందనుకున్నానా... తెలియదు.

సాయంత్రం మెసేజ్. పేరు తీసేసిన నంబరు.

"సార్ మా మేడం మీకు ఫోన్ చేసిందంట. మీరేం రాయొద్దు. నేను ఇంటికొచ్చి నాయనతో పరుపులు కుడతా. మీరుంటే ఇంకో పిల్లన్నా ఆడుతాది."

పదిసార్లు చదివాను. ఒక్క మాట తిట్టి ఉంటే, ఈ పాటికి నేను పడుకొని ఉండేవాణ్ణి.



సెప్టెంబర్ 8, సోమవారం

తెల్లవారింది. వ్యాను వీధి చివరికి వచ్చింది. డప్పు ఇక్కడికే వినిపిస్తోంది. శేఖర్ హారను కొడుతున్నాడు.

కాగితం చొక్కా జేబులో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. చెప్పులు వేసుకొని ఇది రాస్తున్నాను.

సుజాత తలుపు దగ్గర నిలబడి నా జేబు వైపే చూస్తోంది.

"మ్యాచ్‌కేనా పోతాండేది?"

కాగితం జారిపోకుండా జేబు గుండీ పెట్టుకున్నాను.