ఏ మొనాకో?

జూలై 9, బుధవారం

శనివారం ఉదయం ఏడింటికి మొనాకోలో నా ట్రయల్. పెద్ద హోటల్. ఒక రోజంతా వాళ్ళ వంటింట్లో పని చేసి చూపించాలి. కేకులూ పేస్ట్రీలూ చేసే చోట ఉన్నది ఒక్కటే ఖాళీ. రానివాళ్ళకి ఇంకో తేదీ ఇవ్వం అని ఫోన్‌లోనే తేల్చి చెప్పారు. ఈ సస్సువోలో అనే ఊరి బేకరీలో రోజూ అవే బన్నులు చేసీ చేసీ నా బుర్ర కూడా పులిసిపోయింది. ఇది రాకపోతే ఇక్కడే ముసలిదాన్నైపోతాను.

భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. టీవీలో సైకిల్ పందెం వస్తోంది. మొనాకో, హోటల్, ట్రయల్, అన్నీ విడమరిచి చెప్పాను. ఊఁ అన్నాడు. చెఫ్ ఫ్రెంచివాడు, పేరు దిదియే అన్నప్పుడు మాత్రం తల ఇటు తిప్పాడు. ఫ్రెంచివాడే పిలిచాడంటే మాటలటే నోయెమీ అన్నాడు. మళ్ళీ టీవీ.

జూలై 10, గురువారం

రేపు రైళ్ళ సమ్మె. నా రైలు రద్దు. వీళ్ళకి నా శుక్రవారమే దొరికింది!

అమ్మ ఇంట్లో లేదు. మోకాలి ఆపరేషన్ అయిన పిన్నిని చూసుకోవడానికి చెసేనా వెళ్ళింది. నేను వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు, ఒంటి నిండా టైల్స్ దుమ్ముతో. సంగతి విని, ఆ రైళ్ళ మొహం, నేను దింపుతా పద, మొనాకో దారి నాకు తెలీదా అన్నాడు. అక్కడికక్కడే ఫోన్ చేసి సెలవు పెట్టేశాడు. నాన్న మంచివాడు. అప్పుడప్పుడూ.

జూలై 11, శుక్రవారం, ఉదయం ఆరు

రాత్రి డ్యూటీ ఇప్పుడే దిగాను. నిద్రకి కళ్ళు మూతలు పడుతున్నాయి. నాన్న తెల్ల జాకెట్ వేసుకుని, సెంటు కొట్టుకుని కారు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళిళ్ళకి తప్ప బీరువాలోంచి తీయని జాకెట్ అది. ఇదెందుకు ఇప్పుడు అంటే, అలాంటి చోటికి ఎలా పడితే అలా వెళ్తారటే అన్నాడు. సరే, నాకేం. వెనక సీట్లో పడుకుంటున్నాను.

అదే రోజు, తొమ్మిది దాటాక

సముద్రం.

అదే రోజు, పదింటికి

జెనోవా దగ్గర హైవే పక్కన కాఫీ కొట్టు ముందు ఉన్నాం.  ఇది ఇప్పుడే రాస్తాను. రాయకపోతే ఎవరినైనా కొడతాను.

మెలకువ వచ్చి చూస్తే ఎడమ పక్కన నీళ్ళు. నీళ్ళ మీద ఓడలు. ఆల్ప్స్ దాటాల్సిన దారిలో ఓడలేమిటి? నాన్నా, ఇదేం సరస్సు అని అడిగాను. సరస్సేమిటే పిచ్చిదానా, సముద్రం, ఇంకో రెండు గంటల్లో మోంటెకార్లో అన్నాడు. పాట కూడా పాడుతున్నాడు.

మా ఇటాలియన్ భాషకి పట్టిన దరిద్రం ఇది. జర్మనీలో ఉన్న మ్యూనిక్‌నీ మేము మొనాకో అనే అంటాం. పడవలూ జూదశాలలూ ఉన్న ఆ బుల్లి దేశం పేరూ మొనాకోనే. కానీ బుద్ధున్న ఎవడైనా రెండోదాన్ని మోంటెకార్లో అంటాడు! మొనాకో అంటే మ్యూనిక్ అనే అనుకుంటాడు! ప్రపంచంలో మా నాన్న ఒక్కడే ఇలా అనుకోగలడు.

నేను అరిచిన అరుపుకి పక్క కారువాడు కూడా తిరిగి చూశాడు. నాన్న బండి పక్కకి ఆపి, మొనాకో అన్నావు కదే అన్నాడు. పెద్ద హోటల్ అన్నావు, ఫ్రెంచివాడన్నావు, ఇంక మోంటెకార్లో కాక ఇంకేముంటుంది అన్నాడు. పైగా తప్పు నాదేనట. సరిగా చెప్పలేదట! చలికాలమంతా నేను జర్మన్ క్లాసుకి వెళ్ళానే, అదెందుకనుకున్నావు అని అడిగాను. ఏదో సరదాకి అనుకున్నాడట.

ఇక్కణ్ణుంచి మ్యూనిక్ ఎనిమిది గంటలు. అదీ దారి ఖాళీగా ఉంటే. జూలై నెలలో శుక్రవారం పూట దారి ఖాళీగా ఉంటుందా?

అదే రోజు, మధ్యాహ్నం

మా కారు గ్యాస్ మీద నడుస్తుంది. మా వైపు సగం కార్లు అంతే. ఆ గ్యాస్ అయిపోయింది. పెట్రోల్ ట్యాంకు కూడా ఉంది, నిండుగా ఉంది. కానీ అది అత్యవసరానికట. ఇంతకన్నా అత్యవసరం ఏం కావాలి, కారులో నాకు పురుడొస్తే తప్ప తీయవా అన్నాను. నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు!

హైవే దిగి, ఊరంతా తిరిగి గ్యాస్ బంకు పట్టుకున్నాం. తలుపు మీద బోర్డు: భోజన విరామం, మూడింటి దాకా. నాన్న డిక్కీ తీశాడు. రొట్టె, మోర్టడెల్లా మాంసం ముక్కలు, పీచ్ పళ్ళు. నీడ చూసుకుని దుప్పటి పరిచాడు. వాళ్ళూ తింటున్నారు, మనమూ తిందాం రా అన్నాడు. గుడ్లప్పగించి చూశాను. నేను తినలేదు. తర్వాత ఒక పీచ్ తిన్నాను. కోపంగానే తిన్నాను.

అదే రోజు, సాయంత్రం

బ్రెన్నర్ కనుమ ఎక్కే దారి. ఎంతసేపటి నుంచో కదల్లేదు. పైన వంతెన పని జరుగుతోందట, ఒకటే వరుస వదులుతున్నారు. జనం ఇంజన్లు ఆపి రోడ్డు మీదే పేకాడుకుంటున్నారు.

ఇంతలో ఒరియానో ఫోన్. మా వీధి చివర బార్ ఆయనదే. నాన్న స్పీకర్ పెట్టాడు. ఏం లోరిస్, పడవలు కనిపిస్తున్నాయా, క్యాసినోలో ప్యాంటు మిగిల్చారా అని ఒరియానో. అంటే ఊరంతా చాటేశాడన్నమాట, నా కూతురు మోంటెకార్లో వెళ్తోందని! నాన్న, పడవల్లేవు, ఆవులున్నాయి, మేం వెళ్ళేది ఆ మొనాకో కాదు అన్నాడు. బారంతా ఒకటే నవ్వు. బల్లలు బాదుతున్నారు. లోరిస్‌కి మ్యాపు కొనివ్వండ్రా, చదవడం కూడా నేర్పండ్రా అని ఎవడో అరిచాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ లాక్కుని కట్ చేశాను. ఇవాళ ఆయన్ని తిట్టే హక్కు నాది. మధ్యలో వీళ్ళెవరు?

ఆ ఊపులోనే అనేశాను. నువ్వు కావాలనే చేశావు, నేను వెళ్ళడం నీకిష్టం లేదు, అందుకే ఇదంతా అని. నాన్న కారు దిగి, కార్ల మధ్య నుంచి ముందుకి నడుచుకుంటూ పోయాడు. తెల్ల జాకెట్ మలుపు తిరిగేదాకా చూశాను. వరుస కదిలితే నేనేం చేయాలి? తాళాలు కూడా ఆయన జేబులోనే!

తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాక చెప్పాడు. మోంటెకార్లోలో అయితే ఎవరో ఒకరికి మన భాష వస్తుందట. నాకు జ్వరమొచ్చి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తే, మా పిల్లకి ఏమైంది అని అడగగలడట. జర్మన్లు ఫోన్ చేస్తే హలో అని నోరు మూసుకోవాలట. అందుకే అదే అయ్యుంటుందని అనుకున్నానే, కావాలని కాదు అన్నాడు.

నాకింకా కోపం వచ్చింది. ఈ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!

జూలై 12, శనివారం

నిన్న మ్యూనిక్ చేరలేదు. కనుమ దాటేసరికి చీకటి పడింది. చీకట్లో ఎదురు లైట్లు పడితే నాన్నకి కళ్ళు ఆనవు. ఒప్పుకోడు, అలిసిపోయాను అంటాడు. నేను నడుపుతాను అంటే, ఈ క్లచ్ నీకు లొంగదు అన్నాడు. ఆస్ట్రియాలో ఏదో బంకు పక్కన ఆపేసి ఐదు నిమిషాల్లో గురక. నేను కారు పైకప్పు చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

హోటల్ వెనక గుమ్మం తొక్కేసరికి ఏడూ నలభై. దిదియే గడియారం చూశాడు, నన్ను చూశాడు. ఆప్రికాట్ల బుట్ట చూపించాడు. గింజలు తీయాలట. ఆ పని ఎవరైనా చేస్తారు. అయిపోయింది నా ట్రయల్ అనుకున్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. నాన్న! నలిగిన జాకెట్‌తో తిన్నగా వంటింట్లోకి. తప్పు మా పిల్లది కాదండీ, నాది అని మొదలుపెట్టాడు. దిదియేకి మా భాష సగం సగం వచ్చు. రాని సగం నాన్న చేతులతో చెప్పాడు. బల్ల మీద పిండి చల్లి, వేలితో సముద్రం గీశాడు, కొండలు గీశాడు. ఇదొక మొనాకో అండీ, ఇదొక మొనాకో అండీ అని. వంటవాళ్ళంతా మూగి పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతిపని ఇంకా ఎవరూ చూడలేదు, మా నాన్న తెలివి మాత్రం అందరూ చూసేశారు.

దిదియే కళ్ళు తుడుచుకుని, నాన్నని బయటికి పంపి, క్రోసాన్లు చేయి అన్నాడు. కోపంతో నా చేతులు కాలిపోతున్నాయి. వేడి చేతులతో ముట్టుకుంటే వెన్న కరిగిపోతుంది, పొరలు రావు. ఐస్ బకెట్లో మణికట్టు దాకా ముంచి, నొప్పి పుట్టేదాకా ఉంచాను. ఆ తర్వాత ఎవరి మొహమూ చూడలేదు. సాయంత్రానికి పొరలు విడివిడిగా లేచాయి. దిదియే ఒకటి విరిచి, కొంచెం తిని, వారంలో చెబుతాం అన్నాడు. బాగుందని అనలేదు. మిగిలిన ముక్క కూడా తినేశాడు.

జూలై 13

ఇంటికి వచ్చే దారి పొడవునా వెనక సీట్లో నిద్రపోతున్నట్టు నటించాను. ఆయనా నమ్మినట్టు నటించాడు.

జూలై 19, శనివారం

వచ్చింది! సెప్టెంబరు ఒకటి నుంచి. అమ్మ వీధిలోకి పరుగెత్తి అందరికీ చెప్పింది. నాన్న, మంచిది అన్నాడు. అని, కారు కడగడానికి వెళ్ళాడు. నిన్ననే కడిగాడు! ఒక్కసారి నా మొహం చూసి సంతోషపడితే ఆయన సొమ్మేం పోయింది? ఇటు నా గదిలోకి వచ్చి తలుపు ధడేల్మని వేసుకున్నాను. ఎవరూ వచ్చి అడగలేదు.

ఆగస్టు 31, ఆదివారం, మ్యూనిక్

గది నాలుగో అంతస్తులో. చీకటి పడకముందే ఇల్లు చేరాలని, దింపడానికొచ్చిన నాన్నని మధ్యాహ్నమే తరిమేశాను. ఇప్పుడు చీకటి పడే వేళ ఫోన్ చేసి, ఎక్కడిదాకా వెళ్ళావు అని అడిగాను. ఇన్స్‌బ్రుక్ ఎప్పుడో దాటేశా, దారంతా ఖాళీ, నువ్వు తిని పడుకో అన్నాడు.

కర్టెన్ వేద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను. కారు వీధి మలుపులోనే ఉంది. అద్దం దించుకుని, మెడ చాచి పైకి చూస్తూ కూర్చున్నాడు. అది కూడా నా కిటికీ వైపు కాదు, పక్క బిల్డింగు వైపు!

ఒళ్ళు మండిపోతోంది. చెప్పులు వేసుకుని కిందికి దిగుతున్నాను.