జెలగాట్ ఆదివారాలు

ఫిబ్రవరి 3, ఆదివారం

ఇందుమూలంగా ఇటెన్ ఊరి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మా రన్నింగ్ క్యాంపు వంటింట్లో ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, కెలికే పెద్ద తెడ్డు ఈ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నడుం విరిగి కాలం చేసింది. పదకొండేళ్లు సేవ చేసింది. సంతాప సభ లేదు. ఈ పూటకి అందరికీ అన్నమే.

ఆదివారం కాబట్టి ఎవరూ గొడవ చెయ్యలేదు. ఆదివారం ఎవరూ పరిగెత్తరు. బోర్డు మీద కోచ్ కిబివోట్ సుద్దముక్కతో ‘విశ్రాంతి’ అని రాసి కింద రెండు గీతలు గీస్తాడు. మిగతా ఆరు రోజులూ పిల్లలు కొండలన్నీ తొక్కేస్తారు, ఈ ఒక్కరోజు పడుకోవాలి. పడుకోవడం కూడా ట్రైనింగే అంటాడు. ఇక్కడ వంట చేస్తున్న ఇన్నేళ్లలో నాకు అర్థం కానిది ఇదొక్కటే. పడుకోవడం ట్రైనింగ్ అయితే మా బావమరిదికి ఈపాటికి ఒలింపిక్ మెడల్ వచ్చుండాలి.

కొత్తగా చేరినవాడికి చెప్పాను, విశ్రాంతి రోజున బూట్లు కూడా లేసులు విప్పి వెల్లకిలా పడుకోబెట్టాలని. సాయంత్రానికి వరండా నిండా బూట్లు వెల్లకిలా పడుకున్నాయి.

ఫిబ్రవరి 4, సోమవారం

జెలగాట్ ఇవాళ కూడా అందరికంటే ఆఖరున వచ్చింది. శనివారం లాంగ్ రన్‌లో ఈ పిల్లే ఫస్ట్. సోమవారం వచ్చేసరికి కాళ్లలో ఇసుక పోసినట్టు ఈడుస్తుంది. నెలరోజులుగా ఇదే వరస.

కోచ్ అందరి ముందూ అడిగాడు, నిన్న దొంగతనంగా పరిగెత్తావా అని. పరిగెత్తలేదు సార్ అంది. కళ్లలోకి చూసే చెప్పింది. అబద్ధాలు చెప్పడంలో నాకు చాలా అనుభవం ఉంది. అది అబద్ధం కాదు.

23న ట్రయల్. ఆరు కిలోమీటర్లు. అమ్మాయిల్లో మొదటి నలుగురు నైరోబి పోటీకి వెళ్తారు. జెలగాట్‌కి పద్దెనిమిది నిండాయి, వచ్చే ఏడాది జూనియర్స్‌లో ఉండదు. ఇది పోతే క్యాంపులో మంచం కూడా పోతుంది. ఈ సంగతి ఆమెకీ తెలుసు, అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 7, గురువారం

టీలో ఉప్పు వేశాను. జెలగాట్ తాగేసి కప్పు కడిగి పెట్టి వెళ్లిపోయింది. మనసు ఎక్కడుందో.

ఫిబ్రవరి 10, ఆదివారం, సాయంత్రం

మోకాళ్లు నావి కావు. రాసి పడుకుంటాను.

పొద్దున్నే చర్చికని చెప్పి జెలగాట్ బయల్దేరింది. చర్చికి గేటు దాటి కుడికి తిరగాలి. ఈ పిల్ల ఎడమకి, లోయ వైపు తిరిగింది. ఎవడో ఉన్నాడు అనుకున్నాను. పట్టుకుంటే ఏడాదంతా ఏడిపించొచ్చు కదా అని వెనకే పోయాను. సరదా, అంతే.

దిగుడు, దిగుడు, రెండు గంటలు దిగుడే. కెరియో లోయ సగంలో వాళ్ల అవ్వ ఇల్లు. అవ్వ పేరు కబోన్. తుంటి పట్టేసి గడప దాటలేదు. ఎండాకాలం కదా, దగ్గర్లో నీళ్లు లేవు. ఊట పైన ఉంది. జెలగాట్ ఇరవై లీటర్ల పసుపు డబ్బా వీపున వేసుకుని, పట్టీ నుదుటికి తగిలించుకుని ఎక్కడం, దిగడం. నేను ముళ్లపొద వెనక కూర్చుని లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు. తర్వాత కట్టెలు. తర్వాత మేకలు.

ఆఖరి డబ్బా దింపి నా వైపు తిరక్కుండానే అంది, “మామా, ఆ ముళ్లలో ఎంతసేపని కూర్చుంటావు, వచ్చి టీ తాగు. మూడో డబ్బా అప్పుడే చూశాను నిన్ను.”

టీ తాగుతూ అడిగాను, ఇదా నీ విశ్రాంతి అని. నా మొహంలోకి వింతగా చూసింది.

“పరిగెత్తలేదు కదా మామా.”

ఎగతాళికి అనలేదు. నిజంగానే అంది. మా అమ్మైనా అదే అనేది. బూట్లేసుకుని చేసేది పని. నీళ్లు, కట్టెలు, కొండ, ఇవి ఒక లెక్కలోకి రావు, ఊపిరి పీల్చడం లాంటివి. బోర్డు మీద ‘విశ్రాంతి’ అని చదివి మా పిల్లలకి అర్థమయ్యేది ‘ఇవాళ బూట్లు వద్దు’ అని మాత్రమే.

కోచ్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే ఇంటికి పోనివ్వడు, అవ్వ వారమంతా ఏం తాగాలి అంది. తిరిగి ఎక్కేటప్పుడు నా కోసం నాలుగుచోట్ల ఆగింది. నలభై ఏడేళ్లవాణ్ణి, ఒక ఆడపిల్లని ఆలస్యం చేస్తూ కొండెక్కాను.

ఫిబ్రవరి 11, సోమవారం

జెలగాట్ ఆఖరు. మళ్లీ.

కోచ్ వంటింట్లోకి వచ్చి ఊరికే మాట కలిపాడు, నిన్న ఆ పిల్ల ఏం చేసిందో నీకేమైనా తెలుసా అని. ఒట్టు ఉంది కదా. చర్చికి పోయి వచ్చి రోజంతా పడుకుంది, గురకకి వంటింట్లో గిన్నెలు ఊగాయి అన్నాను. బాగా చెప్పాను అనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 12, మంగళవారం

కోచ్ ఏం రాసుకున్నాడో తెలిసింది. అసిస్టెంట్‌తో చెబుతుంటే విన్నాను. రోజంతా పడుకుని కూడా మర్నాడు కాళ్లు లేవడం లేదంటే ఆ ఒంట్లో సరుకు లేనట్టేనట. విశ్రాంతి తీసుకోనివాణ్ణి బాగుచేయొచ్చు, విశ్రాంతి తీసుకున్నా కోలుకోనివాణ్ణి ఎవరూ బాగుచేయలేరట. ట్రయల్ దాకా చూసి పంపించేద్దాం అన్నాడు.

గురక నేను పెట్టించిందే. ఇప్పుడు నిజం చెబితే ఒట్టు పోతుంది, అవ్వకి నీళ్లు పోతాయి. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఏ వైపు నుంచి ఆలోచించినా ఎవరో ఒకరు నా పేరు చెప్పుకుని ఏడుస్తారు.

ఫిబ్రవరి 13, బుధవారం

బీన్స్ మాడ్చాను.

ఫిబ్రవరి 16, శనివారం

పిల్లలకి మధ్యాహ్నం భోజనం పెట్టి, పాలమ్మే సింబొలెయ్ దగ్గర గాడిద అడిగి తీసుకున్నాను. ఎందుకూ అంటే పెళ్లిచూపులకి అన్నాను. గాడిదకా నీకా అన్నాడు. ఇద్దరిలో ఎవరికి కుదిరినా సరే అన్నాను.

లోయలో ఆ గాడిద, నేను కలిసి అవ్వ పీపాలు నింపాం. అవ్వ గడపలో కూర్చుని నన్ను తిడుతూనే ఉంది, మగాడివై ఉండి నీళ్లు మోస్తావా, మీ ఆవిడ చచ్చిందా అని. కోచ్ ఆర్డర్ అవ్వా అన్నాను. రేపు నీ మనవరాలు మంచం దిగితే జాబితాలోంచి పేరు కొట్టేస్తాడట అని కూడా కలిపాను. అవ్వ చేతికర్ర గడపకి ఆనించి నన్ను ఎగాదిగా చూసింది.

“పడుకోవడానికి కూడా మాస్టారు కావాలా మీకు?” అంది.

తిరుగు ప్రయాణం బొగ్గు లారీలో. గాడిద రేపొస్తుంది, జెలగాట్‌తో.

ఫిబ్రవరి 17, ఆదివారం

జెలగాట్ సాయంత్రం గాడిద ఎక్కి వచ్చింది. మొహం మాడ్చుకుని ఉంది. పీపాలు నిండుగా ఉంటే ఏం చేయాలో తెలియక మొక్కజొన్న చేలో కలుపు తీయబోయిందట, అవ్వ కర్ర విసిరిందట. కట్టెలకి లేస్తే మళ్లీ కర్ర. మంచం మీద పడుకుని కప్పు చూస్తూ ఉందట. దానికంటే డబ్బాలు మోయడమే నయం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు మామా అంది. ఏడుపొచ్చిందట కూడా. ఎందుకో తెలియదంది.

నాకూ తెలియదు.

ఫిబ్రవరి 19, మంగళవారం

ట్రాక్ మీద జెలగాట్ మూడోది. నిన్న సోమవారం కూడా ఆఖరు కాదు. కోచ్ స్టాప్‌వాచ్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. నాకు లోపల పండగ. పైకి మాత్రం వాచ్ బ్యాటరీ మార్చమని సలహా ఇచ్చాను.

ఫిబ్రవరి 23, శనివారం

ట్రయల్ అయింది. మొదటి కిలోమీటరు జెలగాట్ వెనకే ఉంది. నాలుగో కిలోమీటరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కొక్కరినీ దాటింది. నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ, డబ్బా మోసేటప్పుడు పెట్టే మొహమే పెట్టుకుని. ఆఖరి వంద మీటర్లలో పక్కపిల్ల భుజం తగిలినా తూలలేదు. నాలుగోది. నాలుగు అంటే నైరోబి. నేను గరిటెతో బకెట్ వాయించాను.

ఫిబ్రవరి 24, ఆదివారం

నిన్నటిది కల్పన. ఐదోది వచ్చింది. భుజం తగిలింది నిజమే, తూలింది కూడా నిజం.

పదో తారీఖున సరదాకి వెనక పోయాననడం అబద్ధం. కోచ్ పంపాడు, చూసి వచ్చి చెప్పమని. ఊరికే మాట కలిపాడన్నదీ అబద్ధమే. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం కల్పించానో తెలియదు.

రేస్ అయ్యాక కోచ్‌కి అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. “ఆ సోమవారమే చెప్పుంటే క్యాంపు పికప్‌లో రెండు డ్రమ్ములు పంపేవాణ్ణి కదా” అన్నాడు. ఇది నేను కల్పించింది కాదు. జెలగాట్ మంచం నెలాఖరు దాకా ఉంచుతానన్నాడు.

ఇవాళ పికప్ డ్రమ్ములతో లోయకి దిగింది. జెలగాట్ అందులో లేదు. తెల్లారకముందే బూట్లేసుకుని ఒక్కతే పరిగెత్తడానికి పోయింది. నేనొక్కణ్ణే చూశాను. బోర్డు మీద ‘విశ్రాంతి’ కింద రెండు గీతలు అలాగే ఉన్నాయి.

రేపు కోచ్ అడుగుతాడు, ఆదివారం ఆ పిల్ల ఏం చేసిందని.