కల్బా అత్తమ్మ, గ్రీన్‌కార్డు డేటు

దుబాయ్,
2013 నవంబర్ 8

కల్బాలో ఉన్న అత్తమ్మకు కోడలు షాహీన్ సలాములు.

ఫోన్లో మీకు సగం వినపడదు కాబట్టి, కూరగాయల బండి నడిపే సనావుల్లా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. "ఏమన్నా విశేషమా?" అని అతనితో అడిగించారట. ఉన్న విశేషం ఒక్కటే, నా డేటు. ఆసుపత్రివాళ్ళు 2010 మార్చి 4న వేశారు. ఇంకా నా వంతు రాలేదు. మీ అబ్బాయికి ఒకటే దిగులు. నేనే ధైర్యం చెబుతున్నాను.

మీ షాహీన్

తా.క. నేనొక్కదాన్నే కాదులెండి. మా వార్డులోనే నలుగురం ఇలా ఎదురుచూస్తున్నాం. అందులో ఇద్దరు మగవాళ్ళు.

కల్బా,
నవంబర్ 12

కోడలు షాహీన్‌కు మున్నీబీ దీవెనలు.

నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ముందు అట్నే కూలబడినా. మూడున్నరేళ్ళా తల్లీ! ఒంటె కూడా పదమూడు నెలలకే ఈనుతుందే! డేటు దాటినాక డాక్టర్లు ఎట్ట ఊరుకున్నారు? పోయి మీ ఆసుపత్రి పెద్ద, ఆ ముదీర్‌ను నిలదీయి. బిడ్డకు ఆరు జుబ్బాలు కుట్టి పంపిస్తుండా. బరువులు ఎత్తబాక.

నీ అత్త

తా.క. ఆ ఇద్దరు మగవాళ్ళ సంగతి నాకు అంతుపట్టలేదు. ఆ ఆసుపత్రి నీళ్ళు మాత్రం తాగబాక.

దుబాయ్,
నవంబర్ 15

అత్తమ్మకు సిగ్గుపడుతూ సలాం.

నాకు కడుపు కాదు. అది అమెరికా గ్రీన్‌కార్డు డేటు. ఖాయమయ్యాక చెబుదామని దాచాం. తప్పు మాదే.

అక్కడొక ఆసుపత్రి నన్ను నర్సుగా తీసుకుంటామని అర్జీ పెట్టింది. ఆ అర్జీ అందిన రోజే నా డేటు, అంటే క్యూలో నా చోటు. ఏ దేశంలో పుట్టినవాళ్ళకు ఆ దేశం క్యూ. నాలా ఇండియాలో పుట్టినవాళ్ళకు ఇప్పుడు నడుస్తున్నది 2003 నాటి డేటు. వచ్చే నెలకు అదీ మూడు వారాలు వెనక్కి జరిగింది! ఏడాదిలోగా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ఆ ఆసుపత్రి రాసింది. ఇక్కడ నా కాంట్రాక్టు కూడా జూన్‌తో ఖలాస్. ఏడుపొచ్చినప్పుడల్లా మీ జుబ్బాలు చూసి నవ్వుకుంటున్నాను.

మీ షాహీన్

తా.క. ఆ మగవాళ్ళిద్దరూ నర్సులే. కులాసాగానే ఉన్నారు.

కల్బా,
నవంబర్ 19

షాహీన్‌కు అత్త కోపంగా రాస్తుండేది.

దాచినందుకు కాదు కోపం. నా కొడుకు ఆసిమ్‌ను ఇండియాలో పుట్టినోళ్ళ వరసలో నిలబెట్టినావే, అందుకు! వాడు పుట్టింది ఈ అరబ్బు దేశంలో, ఈ కల్బాలోనే. 1981లో పురిటికి ఇండియాకు, మనూరికి పొమ్మని అందరూ చెప్పినారు. మీ మామకు ఒళ్ళు కాలే జ్వరం, విడిచిపోలేకపోయినా. నొప్పులొస్తే పక్కింటి అరబ్బీ అమ్మ తన కారులో ఎక్కించుకుంది. "యల్లా! యల్లా!" అని డ్రైవర్ను తరుముతా, ఆసుపత్రి దాకా నా చెయ్యి వదల్లేదు. వాడు పుట్టిన కాగితం పంపిస్తుండా. అమెరికావోళ్ళకు చూపించి తప్పు దిద్దుకోమను.

నీ అత్త

తా.క. కాగితం అరబ్బీలో ఉంది. తలకిందులుగా చూపించబాక.

దుబాయ్,
2014 మే 21

అత్తమ్మ చేతులు కళ్ళకద్దుకుంటూ షాహీన్ రాస్తున్నది.

మీరు కోప్పడిన సంగతి నవ్వుతూనే, మా అర్జీ చూసే అమెరికా వకీలుకు రాశానని అప్పట్లో ఫోన్లో చెప్పాను కదా, మీకు సగమే వినపడి ఉంటుంది. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, లెక్కలోకి వచ్చేది పుట్టిన దేశమేనట. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే, డేటు నాదే అయినా మీ అబ్బాయి పుట్టిన దేశం క్యూలో నిలబడవచ్చట. ఆ క్యూలో అప్పటికే 2011 నడుస్తోంది! నా వంతు ఎప్పుడో వచ్చేసింది, మేమే చూసుకోలేదు.

నిన్న అబుదాబిలో, అమెరికా ఎంబసీలో ఇంటర్వ్యూ అయింది. వీసా ఇస్తామన్నారు. బయటికొచ్చి మేమిద్దరం మెట్లమీద కూర్చుని ఏడ్చాం.

ఆ రోజు మీరు మామను విడిచి ఊరికి వెళ్ళి ఉంటే, నేనింకా 2003 వెనకే నిలబడి ఉండేదాన్ని. శుక్రవారం వస్తున్నాం. ముందు ఆ అరబ్బీ అమ్మ ఇంటికి వెళ్దాం. ఆమె చెయ్యి నేనూ ఒకసారి పట్టుకోవాలి.

మీ కోడలు
షాహీన్

తా.క. వీసా తనవల్లే వచ్చిందని మీ అబ్బాయి నిన్నటినుంచి కాలుమీద కాలేసుకుని నాచేత టీ పెట్టించుకుంటున్నాడు. ఆయన చేసిందల్లా పుట్టడమే అత్తమ్మా. కష్టమంతా మీదే.