లారీ వెనక పెట్టిన రాళ్లు

అన్నా,

నువ్వు పోయాక ఏడాదికి పైగా ట్రాలీ ఆటో తోలాను. మొన్న ఖైరతాబాద్‌లో హెవీ లైసెన్సు చేతికిచ్చారు. ఇవాళ తెల్లవారగానే, నువ్వు తోలిన లారీలోనే అమీర్‌పేటకు సిమెంటు వేసుకుని బయల్దేరాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగగానే వెనక టైరు పగిలింది. నీ దగ్గర క్లీనర్‌గా ఉన్నప్పుడు చేసినట్టే, లారీ వెనక అడ్డంగా రాళ్లు పేర్చి స్టెప్నీ వేశాను.

పని అయ్యాక రాళ్లు తీస్తుంటే, లారీలో నాతో వచ్చిన హమాలీ మల్లేశం కసిరాడు.

"గా రాళ్లతోని నీకేం పనిరా? పోలీసోడు వస్తుండు, ఎక్కు జల్ది!"

ఎంత ఆలస్యమైనా నువ్వు ఒక్క రాయి కూడా రోడ్డు మీద వదిలేవాడివి కాదు. ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే నీ బైకు తగిలింది మాత్రం, ఏ లారీవాడో అలా పేర్చి వదిలేసి పోయిన రాళ్లకే. వాడెవడో ఇప్పటికీ తెలియదు.

నేను ఎక్కలేదు. ఒక్కో రాయీ మోసి ఫుట్‌పాత్ వారగా పెట్టాను. చివరిది ఎత్తి పక్కకు జరగగానే ఒక బైకువాడు, అడ్డం ఉన్నానని నన్ను బూతులు తిట్టుకుంటూ, ఆ రాయి ఉన్న చోటు మీదుగానే దూసుకుపోయాడు.

ఇది రాసే వేళకు వాడు ఇల్లు చేరే ఉంటాడు.