ఎల్మర్ టిబ్బెట్స్ గారి హాలు

డీన్ హాల్వర్సన్ గారికి,

మన బిజినెస్ స్కూలు కొత్త హాలుకు ఎల్మర్ టిబ్బెట్స్ పేరు పెడుతున్నారనీ, శుక్రవారం ఆయనకు సన్మానమనీ తెలిసింది. నిన్న మీ సెక్రటరీ డోరిన్ ఫోన్ చేసి ఆయన అడ్రసు అడిగింది.

"అలాంటి మనిషి లేడమ్మా," అన్నాను.

"అయ్యో పాపం, ఎప్పుడు పోయారండీ?" అంది. సాయంత్రానికల్లా స్కూలు జెండాను సగానికి దించేశారు.

టిబ్బెట్స్ నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠంలోని మేనేజరు. ఆఫీసులన్నీ కంప్యూటర్లు కొంటున్న ఏడాది నలభై వేల టైపు మిషను రిబ్బన్లు చేయించి, ఒహాయోలో ఒక కంపెనీని నిలువునా ముంచాడు. వ్యాపారం ఇలా చేయకూడదని చెప్పడానికే ఆ పాఠం రాశాను. కానీ ఏటా ఎవడో ఒకడు లేచి, "ఆయన తప్పేం లేదు సార్, కంప్యూటర్లే తొందరపడ్డాయి," అనేవాడు. క్లాసంతా చప్పట్లు. ఇప్పుడు హాలుకు చందాలు వేసుకున్నది వాళ్ళే.

పాఠం ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో "పేర్లు మార్చడమైనది" అని ఉంది. ఇన్నేళ్ళలో అక్కడిదాకా చదివినవాడు ఒక్కడూ లేడు.

హాలు పేరు మార్చమని అడగను. శిలాఫలకం అడుగున ఆ ముక్క కూడా చెక్కించండి, చాలు. ఆ మేనేజరు పేరు మార్చింది నేనే. కంపెనీని ముంచిందీ నేనే. కాబట్టి జెండా మాత్రం వెంటనే పైకెత్తించండి, నేనింకా పోలేదు. ఈ ఉత్తరం కొట్టింది కూడా ఆ రిబ్బన్లలో ఒకదానితోనే. మా గ్యారేజీలో ఇంకా ముప్పై తొమ్మిది వేల చిల్లర ఉన్నాయి.

ఇట్లు,
విధేయుడు
(పేరు మార్చడమైనది)