బ్యాటరీ యాసిడ్ కాదు

3 సెప్టెంబరు 2018

గాలి ఈశాన్యం. చలి ముందే వచ్చింది.

నా తమ్ముడు టాగె బ్యాటరీ యాసిడ్ వల్ల చావలేదు. ఆసుపత్రి కాగితంలో మాత్రం యాసిడ్ అనే ఉంది. కోపెన్‌హేగన్‌లో రికార్డులు చూసే ఆఫీసులోనూ అలాగే ఉంది. నలభై ఏళ్ళు కావస్తోంది, నేను చెబుతూనే ఉన్నాను, వాళ్ళు ఆ ముక్క కొట్టెయ్యరు. నాకు రాత సరిగా రాదు. ఏడో తరగతి దాకా వెళ్ళాను, అందులోనూ సగం రోజులు పడవలోనే. అయినా రాస్తాను. ఎవరికీ చూపించడానికి కాదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గెలిచినవాళ్ళు జర్మన్ల విషపు గ్యాసు గుండ్లు తెచ్చి మా బోర్న్‌హోమ్ ద్వీపానికి తూర్పున సముద్రంలో ముంచేశారు. పైన ఇనుము తుప్పుపట్టి పోయింది. లోపలిది గడ్డకట్టి, పసుపు రంగు బంకమన్నులా అడుగున దొర్లుతూ ఉంటుంది. వలలో పడితే రేడియోలో చెప్పాలి. చెబితే పట్టిన చేపంతా పారబోస్తారు, పడవ కడిగేదాకా రేవు దాటనివ్వరు. నష్టం సర్కారు ఇస్తుంది, ఎప్పుడో. కాడ్ చేప వచ్చే వారాలు మాత్రం తిరిగి రావు. అందుకని రేవులో చాలామంది నోరెత్తకుండా ఆ గడ్డని మళ్ళీ సముద్రంలోకే తోసేసేవాళ్ళు.

1979 మార్చిలో ఆర్విడ్ ఇప్సెన్ తోసేశాడు. పడవ వాడిది. వాడి చేతికింద టాగె ఒక్కడే. నేను కాలు విరిగి ఇంట్లో ఉన్నాను. చేపల మధ్య నుంచి ఆ గడ్డని ఏరింది టాగె, వట్టి చేతులతో. సాయంత్రానికి చేతులంతా బొబ్బలు, కళ్ళు మూసుకుపోయాయి. ఆసుపత్రిలో ఆర్విడ్ బ్యాటరీ యాసిడ్ అన్నాడు. టాగె ఊరుకున్నాడు. పడవలో ఏం జరిగినా ఒడ్డున పడవ నడిపించే స్కిప్పర్ మాటకి ఎదురు చెప్పడం మా రేవులో లేదు. నాకొక్కడికే నిజం చెప్పాడు. తొమ్మిదేళ్ళు దగ్గి దగ్గి పోయాడు. ముప్పై ఆరేళ్ళవాడు.

ఆర్విడ్ మా వీధిలోనే ఉంటాడు. నేను కొట్లోకి వెళితే వాడు బయటికొస్తాడు. ఎండాకాలంలో కూడా చేతులకి గ్లవ్స్. దొర.

6 సెప్టెంబరు

కోపెన్‌హేగన్ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. నన్ను చూడటానికి వస్తుందట. నేను రమ్మనలేదు.

11 సెప్టెంబరు

వచ్చింది. పేరు మారెన్. దేశాల మధ్య మాటలు నడిపే ఉద్యోగం. హెర్రింగ్ చేప, రై రొట్టె పెడితే ముళ్ళు ఏరుకుని తింది, ఇంకోటి అడిగి తింది. అందుకే కూర్చోనిచ్చాను.

వచ్చే నెల ఇక్కడే, మా ద్వీపంలో, రోన్నెలో మీటింగట. సముద్రంలో పడి ఉన్న ఆయుధాల మీద పధ్నాలుగు దేశాలు కలిసి ఒక కాగితం రాస్తాయట. అందులో చేపలున్నాయండీ, ఇసుక ఉంది, తుప్పు గురించి నాలుగు పేజీలున్నాయి, మనుషులకు జరిగిన హాని అని ఒక్క వాక్యం ఉంది, దాన్నీ తీసెయ్యమని రెండు దేశాలు పట్టుబట్టాయి, రుజువులు చాలవట, అంది. మీరొచ్చి ఐదు నిమిషాలు మాట్లాడండి హోల్గర్ గారూ, అంది.

ముందు నా తమ్ముడి కాగితం మార్చండి, తర్వాత మాట్లాడతాను అన్నాను.

మార్చాలంటే పడవలో ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలండీ, మీరు లేరు కదా, అంది. ఉన్నవాళ్ళలో ఒకడు చచ్చాడు, రెండోవాడు మూడిళ్ళ అవతల హెర్రింగ్‌కి పొగ పెట్టి ఆరబెట్టుకుంటున్నాడు అన్నాను. అయితే ఆయన్ని అడగండి, అంది. ఉప్పు అందించమన్నంత తేలిగ్గా.

12 సెప్టెంబరు

అడగను.

20 సెప్టెంబరు

అడిగాను.

వాడు పొగ కొట్టం ముందు కట్టెలు సర్దుకుంటున్నాడు. ఎనభై నాలుగేళ్ళు వాడికి. నన్ను చూసి కాఫీ తాగుతావా అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. కాఫీకి రాలేదు, సంతకానికి వచ్చాను అన్నాను. దేనికి అన్నాడు. యాసిడ్ కాదు, గ్యాసు అని, నువ్వు చెప్పింది అబద్ధం అని, అన్నాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మారెన్‌కి ఫోన్ చేసి నీ సలహా తగలెయ్య అన్నాను. మీరు వెళ్ళగానే ఆయన్ని నేరం ఒప్పుకోమన్నారు కదండీ, ఏ దేశం ఒప్పుకుంటుంది అలా, అంది. ముందు ఆయనకి ఏం భయమో కనుక్కోవాలట. ఒక్కోసారి ఒక దేశం చేత ఒక్క మాట అనిపించడానికి పదేళ్ళు కూర్చుంటారట.

నీకు పదేళ్ళుంటాయమ్మాయ్, నాకు డెబ్భై ఏడు అన్నాను.

2 అక్టోబరు

మళ్ళీ వెళ్ళాను. కాఫీ తాగాను. గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది.

నీకేం భయం అని అడిగాను. భయమా, నాకా, ఒరేయ్ నీకు వల వెయ్యడం నేర్పింది ఎవడనుకున్నావు, అన్నాడు. తర్వాత చాలాసేపు గాలి గురించి మాట్లాడాడు, ఇప్పుడు కాడ్ చేప లేకపోవడం గురించి మాట్లాడాడు. నేను కదల్లేదు. చివరికి చెప్పాడు. చేపల కొట్టు ఇప్పుడు వాడి మనవరాలిది. తలుపు మీద ఇప్సెన్ అని ఉంది. గ్యాసు చేప అమ్మిన ఇప్సెన్లు అంటార్రా రేపటి నుంచి, అన్నాడు.

అమ్మావా, అన్నాను.

లేదు, ఆ రోజు పట్టిందంతా గడ్డతో పాటే తోసేశాను, పడవ ఆగిపోకూడదనే తప్ప ఇంకేం లేదు, అన్నాడు. అని గ్లవ్స్ తీశాడు.

అరచేతులు కరిగి ఆరిన కొవ్వొత్తిలా ఉన్నాయి. రెండు వేళ్ళు విప్పుకోవు. గడ్డని తోసింది ఎవడనుకున్నావు, నేనే, టాగె అప్పటికే కళ్ళు నులుముకుంటున్నాడు, అన్నాడు. ఆసుపత్రికి టాగెని తీసుకెళ్ళాడు, తను చూపించుకోలేదు. ఇద్దరికీ ఒకేసారి యాసిడ్ పడిందంటే ఎవరు నమ్ముతారురా, అన్నాడు. వాడి భార్య పందికొవ్వు రాసి కట్లు కట్టిందట. ఆమె పోయాక ఆ చేతులు చూసింది నేనేనట.

కోపం ఎక్కడికీ పోలేదు. దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

నేను పోయాక తెరిచి చూసేట్టు రాసి పెడతాను, అన్నాడు ఆర్విడ్. నేను ముందు పోతే, అన్నాను. నువ్వు పోవులే, నీ పొగరుకి దేవుడు కూడా దగ్గరికి రాడు, అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

9 అక్టోబరు

గాలి పడమర. వాన.

ఆలోచించి ఒకటి వదులుకున్నాను. మీటింగులో నీ పేరు చెప్పను, సంతకం మాత్రం మీటింగుకి ముందే పెట్టాలి అన్నాను ఆర్విడ్‌తో. తర్వాత, అన్నాడు. ముందు, అన్నాను. తర్వాత, నీ నోరు నాకు తెలుసు, అన్నాడు. హెర్రింగ్ పొగలో ఎర్రబడేదాకా ఇదే. సరే, తర్వాతే అన్నాను. వాడు మాట తప్పితే నా చేతిలో ఏమీ లేదు.

నేను ఎవరి దగ్గరా ఇలా తగ్గలేదు. మారెన్‌కి చెబితే బాగా చేశారండీ అంది. తగ్గితే మెచ్చుకునే ఉద్యోగం ఆ అమ్మాయిది.

24 అక్టోబరు

ఇప్పుడే రాసెయ్యాలి.

రోన్నెలో పెద్ద హాలు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. టై బిగించుకుని వెళ్ళాను. ఐదు నిమిషాలన్నారు, అంత కూడా మాట్లాడలేదు. నా తమ్ముడు టాగె, కాడ్ పట్టేవాడు, వాడి చేతులు ఇలా అయ్యాయి, తొమ్మిదేళ్ళు ఇలా దగ్గాడు, అన్నాను. దగ్గి చూపించాను. దగ్గు ఏ భాషలోనైనా దగ్గే కాబట్టి హెడ్‌ఫోన్లలో తర్జుమా చేసేవాళ్ళ అవసరం లేకపోయింది.

ఆ వాక్యం వద్దన్న దేశాల్లో ఒకదాని ఆయన చెయ్యెత్తాడు. తెల్ల గడ్డం, మర్యాదస్తుడు. మీ తమ్ముడికి జరిగినదానికి బాధపడుతున్నాం, కానీ కాగితంలో యాసిడ్ అని ఉంది, ఆ పడవ స్కిప్పర్ ఎవరో చెప్పగలరా, అన్నాడు.

ఆర్విడ్ వెనక వరసలో ఉన్నాడు. బస్సెక్కి ఒక్కడే వచ్చాడు. నేను పిలవలేదు.

ఆ పేరు నేను ఇంట్లో అరిచాను, పడవలో అరిచాను, టాగె సమాధి దగ్గర అరిచాను. ఇప్పుడు నోటి ముందు మైకుంది, పధ్నాలుగు దేశాలున్నాయి.

చెప్పనని మాటిచ్చాను అన్నాను.

అయితే ఇది విన్న మాట కిందికే వస్తుంది కదండీ, అన్నాడాయన, మెత్తగానే. ఆయన తప్పు కాదు. అలా అనడానికే పంపారు ఆయన్ని. మారెన్ తల దించుకుంది. నేను కూర్చున్నాను.

వెనక కుర్చీ చప్పుడైంది. ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. గ్లవ్స్ లేవు. ఆ స్కిప్పర్ని నేను, ఆర్విడ్ ఇప్సెన్ని, నెక్సో రేవు, అన్నాడు. చెప్పనని మాటిచ్చింది వాడు, నేను కాదు, అన్నాడు. చేతులు రెండూ పైకెత్తాడు. తుపాకి ముందు నిలబడినవాడిలా. అలాగే ఉంచాడు, ఎవరో దించమనేదాకా.

తెల్ల గడ్డం ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దిగేటప్పుడు మెట్టు జాగ్రత్త అన్నాడు నాతో. వాడు నాతో.

26 అక్టోబరు

వాక్యం ఉండిపోయింది. మారెన్ ఫోన్ చేసింది, గొంతు పోయింది పిల్లకి.

ఆర్విడ్ నా వంటింట్లో సంతకం పెట్టాడు. పెన్ను జారిపోతుంటే కాగితం నేను పట్టుకున్నాను. మనవరాలు ఉదయం కొట్టు తెరిచింది. జనం వచ్చారట, కొందరు మాత్రం గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయారట. ఆ పిల్ల తాతకి కోటు బొత్తాలు పెట్టిందట.

8 నవంబరు

రికార్డుల ఆఫీసు జవాబు. అందినది. పరిశీలనలో ఉన్నది. తదుపరి సమీక్ష 2020 వసంతంలో.

మారెన్‌కి చదివి వినిపించాను. ఆ ఆఫీసు నా చేతిలో లేదండీ, అంది. ఏడుస్తున్నట్టుంది. నేనే ఊరుకోబెట్టాను.

ఆర్విడ్ రెండుసార్లు చదివించుకున్నాడు. సమీక్షకి ఇద్దర్నీ తవ్వి తీసుకెళతారు కాబోలు, అన్నాడు. తర్వాత దగ్గు వచ్చింది, చాలాసేపు ఆగలేదు. భోజనానికి ఉండమన్నాను. ఉన్నాడు.

12 నవంబరు

గాలి లేదు.

ఆర్విడ్ చెప్పాడు, నేను రాశాను. ఈ ఉత్తరం రేపటి ఓడలో కోపెన్‌హేగన్ వెళుతుంది.

పడవలో ఇద్దరున్నారు. ఇద్దరి చేతులూ కాల్చింది గ్యాసు. బ్యాటరీ యాసిడ్ అన్న రెండు మాటలు మార్చడానికి ఏడాదిన్నర అక్కర్లేదు. డిసెంబరు మూడు, సోమవారం, మీ ఆఫీసు మూసే వేళ దాకా చూస్తాం. మారుస్తారా, మార్చరా? ఏదో ఒకటి చెప్పండి. చెప్పకపోతే మంగళవారం పొద్దున మేమిద్దరం మీ మెట్ల మీద ఉంటాం.